చెఱకుతోటలలోని కాటుకరేకుల పొడ

అమెరికాఖండపు ఎడారులయందు గిలకపాము అను విషసర్పము కలదు. మనుష్యుడు చేరువకు వచ్చినచో అది తోకకొననున్న గిలకను మ్రోగించి హెచ్చరించును. ఆ కుటుంబమునకే చెందిన పాము మన చోడవరము పొలములలోను గలదు. దీనికి గిలక లేదు. కావున దీనిని రైతుసోదరులు ముందుగానే యెఱిగియుండవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీనిని రక్తపింజర యనియు, కాటుకరేకుల పొడ యనియు పిలుతురు. పదునెనిమిదవ శతాబ్దము తుదిని విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు ఈ తీరపు పాములను సేకరించి, 1796లో లండనునందు బొమ్మలతో నొక గ్రంథమును ప్రకటించెను. అందీ పామునకు కాటుకరేకుల పొడ యను మన తెలుగు పేరునే వ్రాసెను. నేడు శాస్త్రజ్ఞులు దీనిని రసెల్ పేరిట పిలుచుచున్నారు.

దీని దేహము లావు, తోక పొట్టి, తల త్రికోణాకారము. గోధుమవన్నె వీపుమీద నల్లని అంచుగల మచ్చలు మూడు వరుసలుగా నుండును. కొండచిలువ పిల్లయని భ్రమించి చేతబట్టినవారు ప్రాణము మీదికి దెచ్చుకొనుచున్నారు. ఇది గ్రుడ్లు పెట్టదు. ఒక్క యీతలో 20 మొదలు 40 వరకు పిల్లలను కనును. పుట్టిన పిల్లకును విషముండును.

ఎలుకలు దీని ముఖ్యాహారము. ఎలుకలున్న చెఱకుతోటకును, గడ్డివామికిని ఇది వచ్చును. ఇది మనుష్యుని తఱుమదు. రాలిన చెఱకాకులో కదలక పండుకొనియుండును. బెదరినచో కొలిమితిత్తివలె బుసకొట్టును. ఆ బుసయే దీని గిలక. అది వినబడినంతనే నిలిచి, మెల్లగా వెనుకకు తగ్గవలెను.

కాటుపడినచో ఆ చోటు వాచును, రక్తము గడ్డకట్టు గుణమును గోల్పోవును, చిగుళ్లనుండి నెత్తురు కాఱవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. గట్టిగా కట్టు కట్టుట, కోయుట, నోట పీల్చుట కూడదు. మంత్రము పేరిట గడియలు పోగొట్టరాదు. ఉంగరములు, మెట్టెలు తీసివేసి, కఱచిన అవయవము కదలనీయక, రోగిని నడిపింపక, వెంటనే ఆసుపత్రికి జేర్పవలెను. గుఱ్ఱముల రక్తమునుండి తయారగు విరుగుడు మందు సూదిద్వారా యిత్తురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషమునకును ఆ యొక్క మందే పనిచేయును. పామును పట్టి తేనక్కఱలేదు.

రాత్రి నీరు పెట్టబోవునపుడు దీపమును, కాళ్లకు బూట్లును మఱవరాదు. ఆకు దూయుటకు ముందు కఱ్ఱతో తట్టవలెను. చెఱకు నఱకు కూలివారే యెక్కువ యపాయమున నుండువారు. కావున సభ్యులు ఈ సంగతులను వారికిని చదివి వినిపింతురని కోరుచున్నాము.