పంటికి పెట్టే పరీక్షలు

పన్ను పుచ్చితే "పురుగు పట్టింది" అంటాం. తెలుగు చెప్పుకునే వాణ్ణి గనుక నాకా మాట ఇష్టమే. కాని ఆ పురుగు కంటికి ఆనేది కాదు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలబీ మిల్లర్, పీకిన పళ్ళను రొట్టె కలిపిన ఉమ్మిలో, ఒంటివేడిలో నానబెట్టాడు. పళ్ళు మెత్తబడ్డాయి. మరగబెట్టిన ఉమ్మిలో ఆ ఆమ్లమే పుట్టలేదు. సూక్ష్మజీవులు పిండినీ చక్కెరనూ ఆమ్లంగా మారుస్తాయని 1890 నాటి తన గ్రంథంలో చెప్పాడు.

ఈనాటి ప్రయోగశాలలో పంటి పాట్లు మరీ చిత్రం! పింగాణి ముక్క కోసి, నునుపు చేసి, కాసేపు ఆమ్లంలోనూ, తక్కినవేళ కాల్షియం, ఫాస్ఫేటు ఉన్న ద్రవంలోనూ ముంచుతారు. మనం తినే వేళా, తినని వేళా అన్నమాట. కొన్నాళ్ళయ్యాక వజ్రపు మొనతో నొక్కి గాటు కొలుస్తారు. గాటు చిన్నదైతే పింగాణి గట్టిపడ్డట్టే. కొంచెం ఫ్లోరైడు ఈ మరమ్మతుకు సాయం. మితిమీరితే ఏమవుతుందో నల్లగొండ పల్లెలు చెప్పాయి.

పింగాణిలో జీవకణాలు లేవు. గుంట పడితే వైద్యుడే పూడ్చాలి. అంతకుముందు సున్నపు చుక్కలాంటి తెల్లమచ్చ కనిపిస్తుంది. అప్పటికి ఉమ్మే మేస్త్రీ. 1940లలో స్టీఫన్ కొలిచాడు: గ్లూకోజు నీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాలకే పాచిలో ఆమ్లం పెరిగింది; తగ్గడానికి అరగంటా, గంటా పట్టింది. పిల్లవాడు గడియకో చక్కెరబిళ్ళ చప్పరిస్తుంటే ఆ మేస్త్రీ పనిలోకి దిగేదెప్పుడు?