కాలవలు, రోడ్లు, జరిగే గీత

ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. అక్కణ్ణించి గోదావరి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవల్లోకి వెళ్తాయి. ఇవాళ డెల్టా మ్యాప్ తెరిస్తే కాలవల గీతలూ రోడ్ల గీతలూ అల్లుకుపోయి ఉంటాయి. అవి ఎన్నిచోట్ల దాటుకుంటున్నాయి? కోడింగ్ పోటీల్లో మనకి ఎదురయ్యే పాత్ ఇంటర్సెక్షన్ ప్రశ్న ఇదేనండి.

ముందు వంకర కాలవని, రోడ్డుని తిన్నని ముక్కలుగా విడగొడతాం. కాలవ ముక్క వెంట నడుస్తున్నారనుకోండి. రోడ్డు ముక్క ఒక కొస మీకు ఎడమ పక్క, రెండోది కుడి పక్క ఉండాలి. రోడ్డు వెంట నడిచినా కాలవ కొసలు అలాగే ఉండాలి. రెండూ నిజమైతేనే అవి దాటుకున్నట్టు. ఎడమో కుడో క్రాస్ ప్రొడక్ట్ గుర్తు చెప్పేస్తుంది. భాగహారం అక్కర్లేదు. సున్నా వస్తే ఆ కొస అదే వరసలో ఉన్నట్టు, ఆ కేసు విడిగా చూసుకోవాలి.

ప్రతి జతనీ ఇలా చూస్తే? లక్ష ముక్కలకి దాదాపు 500 కోట్ల జతలు. టైమ్ లిమిట్ దాటిపోతుంది. అసలు అమలాపురం కాలవని తణుకు రోడ్డుతో పోల్చడం ఎందుకు?

1979లో బెంట్లీ, ఆట్‌మన్ దీనికి మంచి దారి చూపించారు. ఏలూరు వైపు నుంచి కాకినాడ వైపు ఒక నిలువు గీతని జరుపుతూ వెళ్లండి. ఆ క్షణాన గీతకి తగులుతున్న ముక్కల్ని దక్షిణం నుంచి ఉత్తరానికి వరసలో, బ్యాలెన్స్‌డ్ ట్రీలో ఉంచండి. కిటుకేంటంటే, రెండు ముక్కలు దాటుకునే ముందు ఆ వరసలో పక్కపక్కకి రావాల్సిందే. అందుకే కొత్త ముక్క మొదలైనప్పుడు, పాతది అయిపోయినప్పుడు, రెండు ముక్కలు దాటుకుని వరస మారినప్పుడు, కొత్తగా పక్కపక్కన చేరిన వాటినే చూస్తే చాలు. ముక్కలు ఎన్, ఖండనలు కె అయితే ఖర్చు (ఎన్ + కె) లాగ్ ఎన్. లక్షకి లాగ్ సుమారు 17 కదా, ఖండనలు తక్కువైతే పని కోట్ల నుంచి లక్షల్లోకి దిగుతుంది. అన్నీ అన్నిటినీ దాటుతుంటే మాత్రం లాభం లేదు, మొదటి పద్ధతే నయం.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పి. గన్నవరం దగ్గర అక్విడక్టు మీదుగా కాలవ వైనతేయ పాయని దాటుతుంది. మ్యాప్‌లో అది ఖండనే, కానీ కాలవ నీళ్లు పైన, ఏటి నీళ్లు కింద. రెండూ కలవవు. మన కోడ్‌కి ఆ తేడా తెలీదు, ఏది పైనో ఏది కిందో డేటాలో మనమే రాయాలి. వరదప్పుడు ఏ నీళ్లు ఏ చేలోకొస్తాయో ఆ లిస్టు చూసి చెప్పాల్సి వస్తే, వేగం కంటే ఆ ఒక్క కాలమే ముఖ్యమని నాకనిపిస్తుంది.