కంప్యూటరు గీసిన బుటా

చెప్పిన మాటను బట్టి బొమ్మ గీసియిచ్చు కంప్యూటర్లు నేడు వాడుకలోనికి వచ్చినవి. వాని పని విధము ఇది. వేలకొలది బొమ్మలను చుక్కలు చల్లి కొంచెము కొంచెముగా చెరిపి, ఆ చుక్కలను తొలగించుట యంత్రమునకు నేర్పుదురు. నేర్చిన పిమ్మట ఉత్త చుక్కల నుండియే అది క్రొత్త బొమ్మను తీయగలదు. 2020లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున జోనాథన్ హో, అజయ్ జైన్, పీటర్ అబీల్ 1000 మెట్లలో ఇట్లు చక్కని బొమ్మలు తీసి చూపిరి.

అయితే అట్టి నెమలి కంటికి ఇంపుగా నున్నను, దానికి పోగుల లెక్క తెలియదు. జకార్డు మగ్గమునకు గ్రాఫు కాగితముపై నిలువు గళ్లు పడుగుకు, అడ్డగళ్లు పేకకు సరిపోవలెను. కావున నేతసోదరులు ఆ బొమ్మను గ్రాఫుపై కెక్కించి, గళ్లు లెక్కించి, బుటాకు బుటా కలియుచోటు సరిచూచిన పిమ్మటనే అట్టలు కొట్టించవలెను. అట్టలు చెడిన నష్టము కంప్యూటరుకు లేదు, మనకే.