బొమ్మ యెందుకు దొర్లును?

పాత వీడియో ఆటలయందు మక్కువ గలవారు నేటికిని వెదకి తెచ్చుకొను సోనీ పీవీఎం వంటి స్టూడియో మానిటరులలో, గాజుగొట్టపు వెనుకనుండి వెలువడు ఎలక్ట్రానుల పుంజము, తెరపై ఎడమనుండి కుడికి సెకనుకు సుమారు 15,700 గీతల వేగమున గీయుచు, అదే సెకనులో 60 మారులు అడుగునకు దిగి మరల పైకి పోవుచుండును. ఏ గీత యెప్పుడు మొదలిడవలెనో, పుంజ మెప్పుడు పైకి మరలవలెనో తెలుపు సంకేతమే సింక్. కచేరిలో తాళము వేయు చేయి వంటిది. అది యందనిచో బొమ్మ దొర్లును, లేదా ఏటవాలుగా చీలిపోవును.

1990లో జపానున వెలువడిన వీడియో ఆటల యంత్రమగు సూపర్ ఫామికామ్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలి తీగలతో కలిపినప్పుడు, సింక్ నాలుగవ తీగలో వచ్చుచుండగా మానిటరు దానిని ఆకుపచ్చ తీగలోనే వెదకుచుండుట తరచు జరుగు పొరపాటు. అనేక నమూనాలలో ముందరి పలకమీది ఎక్స్‌టర్నల్ సింక్ మీట నొక్కినంతనే బొమ్మ నిలుచును. యంత్రమును నిందించుటకు ముందు తీగను చూచుట మేలని నా యభిప్రాయము. బొమ్మ మితిమీరి వెలిగినచో తీగ కొసన 75 ఓముల టెర్మినేషను నిరోధము లేదేమో చూడవలెను. కంప్యూటరు వీజీఏ సంకేతము సెకనుకు 31,000కు పైగా గీతలు కోరును గనుక, 15 కిలోహెర్ట్జ్ మానిటరున నది నిలువనే నిలువదు. ఏ మీటయు దానిని చక్కబెట్టజాలదు.

బాలలారా, వెనుక మూత మాత్రము తెరువకుడు: విద్యుత్తు నాపిన పిమ్మటను గొట్టమున వేలకొలది వోల్టుల ఆవేశము నిలిచియుండవచ్చును.