పెట్టె మనదా, కేబులాయనదా?

మన చింతాద్రిపేటకు 'చిన్న తరి పేట' అని పేరొచ్చిందంటారు. తరి అంటే మగ్గం. 1734 ప్రాంతంలో కంపెనీ దొరలు నేతగాళ్ళను తెచ్చి ఇక్కడ కాపురం పెట్టించారు. ఇప్పుడు మగ్గం చప్పుడు లేదు, ఇంటింటా టీవీ చప్పుడే. ఆ టీవీ కింద ఉండే చిన్న పెట్టె గురించి నాలుగు మాటలు చెప్తాను. దానికి నెలనెలా మన కూలి డబ్బు పోతోంది కదా.

ఈ పెట్టె ముందుగా మన మద్రాసుకే వచ్చింది. 2003 సెప్టెంబరు 1న డబ్బు కట్టే ఛానళ్ళకు పెట్టె కావాలన్నారు. పెట్టె కొనని ఇళ్ళల్లో ఆ ఛానళ్ళు ఒక్కసారిగా మాయం. ఆ తర్వాత 2011లో పార్లమెంటు చట్టం మార్చింది. 2012 అక్టోబరు 31 నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నాలుగు ఊళ్ళల్లో కేబుల్ అంతా డిజిటల్ కావాలన్నారు. మధ్యలో 2011లోనే తమిళనాడు ప్రభుత్వ అరసు కేబుల్ నెలకు 70 రూపాయలని వచ్చింది. పేదవాళ్ళకు అది ఊరట.

అసలు తిప్పలు 2019 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ట్రాయ్ అని ఢిల్లీలో ఒక ఆఫీసు ఉంది, ఫోన్లకూ టీవీలకూ నిబంధనలు పెట్టేది అదే. 100 ఛానళ్ళకు 130 రూపాయలు, దానిమీద పన్ను 18 శాతం, మొత్తం 153 రూపాయల 40 పైసలు. డబ్బు కట్టే ఛానల్‌కు వేరే ధర. మనకు కావలసినవే ఏరుకోండి అన్నారు. మాట మంచిదే. కానీ మన వీధుల్లో చాలామందిని ఎవరూ అడగలేదు. కేబులాయన తమిళ కట్ట ఒకటి ఎక్కించి పోయాడు. తెలుగు సీరియల్ కోసం సాయంత్రం దాకా కాచుకునే ముసలమ్మలకు తెర నల్లబడింది. వాళ్ళకు ఊరి మాట వినపడేది ఆ ఒక్క చోటే.

ఇక పెట్టె సంగతి. మా వీధిలో ఒక అక్క పెట్టెకు డబ్బు కట్టింది. ఇల్లు మారితే అక్కడి కేబులాయన "ఇది మా దాంట్లో పనిచెయ్యదు, కొత్తది కొను" అన్నాడు. ఎందుకంటే ఛానల్ బొమ్మ తాళం వేసి వస్తుంది. ఆ తాళం తీసేది కంపెనీ కంప్యూటరు, పెట్టె నంబరు చూసి తీస్తుంది. ఒక్కో కంపెనీది ఒక్కో తాళం. పక్కనే రిచ్చీ స్ట్రీట్‌లో రిమోట్ దొరుకుతుంది, అడాప్టర్ దొరుకుతుంది, ఆ తాళంచెవి మాత్రం దొరకదు. ఫోను అలాగే ఉంచి సిమ్ మార్చినట్టు, ఏ పెట్టె అయినా ఏ కంపెనీకైనా పనిచెయ్యాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ ప్రభుత్వానికి చెప్పింది. ఆ మాట మన గడప దాకా రాలేదు.

2024 జూలైలో ఆ 130 రూపాయల హద్దు కూడా తీసేశారు. ఇప్పుడు కంపెనీ తన ధర తానే పెట్టుకోవచ్చు, కాకపోతే అందరికీ తెలిసేలా ప్రకటించాలి. కాబట్టి మనమే కళ్ళు తెరుచుకుని ఉండాలి.

అమ్మలారా, అయ్యలారా, ఇవి చెయ్యండి. పెట్టె అద్దెకా, సొంతానికా అని ముందే అడిగి కాగితం తీసుకోండి. డిపాజిట్ కడితే రసీదు దాచండి. మనం అడగకుండా ఛానల్ చేర్చకూడదు, తీసెయ్యకూడదు. రిమోట్‌లో 999 నొక్కితే కంపెనీ వివరాలు, ఫిర్యాదు నంబరు రావాలి. చదవడం రాకపోతే పిల్లలచేత చదివించుకోండి. పిల్లలు ఆటలో తెలియక బటన్లు నొక్కి డబ్బు సర్వీసు ఏదైనా తెరిచారేమో, నెలకొకసారి బిల్లు చూడండి.

ఒక్కరు అడిగితే కేబులాయన విననట్టు పోతాడు. మిల్లు గేటు ముందు ఒక్కడు నిలబడితే ఎవడు పట్టించుకున్నాడు? వీధిలో పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక కాగితం మీద "మాకు ఈ తెలుగు ఛానళ్ళు కావాలి" అని రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి. అప్పుడు వింటాడు.