కొరియా తల్లుల నడివయస్సు వేదన

కొరియా భాషలో తల్లిని ‘ఒమ్మా’ అంటారు. మన ‘అమ్మ’కు దగ్గరగా వినిపించే ఈ మాటే దక్షిణ కొరియాలో బిడ్డను కన్న స్త్రీకి పేరుగా మారిపోతుంది. కుమారుని పేరు మిన్సు అయితే ఇరుగుపొరుగువారికి, ఒక్కొక్కప్పుడు భర్తకు సైతం ఆమె ‘మిన్సు ఒమ్మా’. వివాహానంతరం కూడా పుట్టింటి ఇంటిపేరునే నిలుపుకొనే దేశమది. అయినను ఆ పేరుతో పిలిచేవారు అరుదు. మన పల్లెలలోనూ ‘ఫలానావాళ్ళమ్మ’ అనడం ఉన్నదే కనుక ఇది వింతగా తోచదు. మరి ఆ బిడ్డ ఇల్లు విడిచి వెళ్ళిన నాడు?

అక్కడి స్త్రీలకు ముట్లుడుగు వయస్సు సగటున 50 సంవత్సరాల సమీపంలో ఉంటుంది. వరుసగా 12 నెలలు బహిష్టు కాకపోతే ముట్లుడిగినట్లు వైద్యులు భావిస్తారు. అంతకు కొన్నేళ్ళ ముందు నుండే శరీరంలో ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులకు లోనై క్రమంగా క్షీణిస్తుంది. ఉన్నట్లుండి ముఖం, మెడ వేడెక్కడం, రాత్రి చెమటలు, నిద్రలేమి, గుండెదడ, చిన్న మాటకే కన్నీరు కలుగుతాయి. ఈ దశను కొరియన్లు ‘గెంగ్‌న్యొన్‌గి’ అంటారు. మారే సంవత్సరాల కాలమని దాని భావం.

దేహంతోపాటు ఇల్లు కూడా ఆ సంవత్సరాలలోనే మారుతుంది. బిడ్డ చదువే అక్కడ తల్లి ఉద్యోగమన్నా అతిశయోక్తి కాదు. ఎందరో స్త్రీలు కాన్పుతో కొలువు మానుకొని, ‘హగ్వన్’ అనే ట్యూషన్ కేంద్రాల వేళలకు తమ దినచర్యను అమర్చుకుంటారు. నవంబరులో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. దేగు నగరం చెంతనున్న పల్గోంగ్ కొండపై, తలమీద టోపీ వంటి రాతిపలక గల ‘గాత్‌బావి’ బుద్ధవిగ్రహం ఎదుట అప్పటికి ముందే తల్లులు బారులు తీరి మొక్కుకుంటారు. పరీక్ష ముగిశాక కుమార్తె వేరొక నగరంలో కళాశాలకు, కుమారుడు కొంతకాలానికి నిర్బంధ సైనిక సేవకు వెళ్తారు. భర్త పొద్దుపోయాక గాని ఇల్లు చేరడు. వృద్ధులైన అత్తమామల సేవ మాత్రం మిగులుతుంది. తిరిగి పనికి పోదామన్నా మునుపటి స్థాయి కొలువు దొరకడం కష్టం. ఇట్టివారి కోసమే 2008లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

చెప్పుకోలేని ఈ బాధకు కొరియన్లు పూర్వమే ఒక పేరు పెట్టారు: ‘హ్వాబ్యొంగ్’, అనగా నిప్పు జబ్బు. ఏండ్ల తరబడి దిగమింగిన కోపం రొమ్ము బిగువుగా, పైకెగసే వేడిగా, గొంతులో అడ్డుపడిన ముద్దగా బయటపడుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో వెలువరించిన గ్రంథంలో సైతం దీనికి చోటు లభించింది. చిక్కేమనగా, ముట్లుడుగు కాలపు ఆవిర్లు, ఈ నిప్పు చూపునకు ఒకేలా ఉంటాయి. వయస్సు ప్రభావమని ఇంటివారు కొట్టిపారేసినచో రెండవది లోపలే ఉండిపోతుంది. ఆవిర్లకు హార్మోను చికిత్స ఉన్నది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి అది సాధారణంగా ఇవ్వరు. దిగమింగిన దుఃఖానికి మాత్రం వినే మనిషి కావాలి. అవసరమైతే మనోవైద్యుడూ కావాలి.

ఇటీవలి దశాబ్దాలలో నడివయస్సు స్త్రీలు జట్లుగా కొండలెక్కడం అక్కడ సాధారణ దృశ్యం. సంక్షేమ కేంద్రాలలో సంగీతం, చిత్రలేఖనం నేర్పే తరగతులూ ఉన్నాయి. ఆ తరగతులలో ఆమెను సొంత పేరు చివర ‘శి’ చేర్చి పిలుస్తారు. మన ‘గారు’ వంటిదది.