రిపేర్ చేసినా మళ్లీ అదే డిస్క్ ఎర్రర్ వస్తోందా..? ముందు ఈ పని చేయండి!

కంప్యూటర్ ఆన్ చేయగానే "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్" అంటూ నల్ల స్క్రీన్ వస్తోందా? ఫోల్డర్ ఓపెన్ చేస్తే ఫైల్ కరప్ట్ అయిందని చూపిస్తోందా? ఒకసారి వస్తే కంగారు పడక్కర్లేదు. మధ్యలో కరెంట్ పోవడమో, పెన్‌డ్రైవ్‌ను హడావుడిగా లాగేయడమో కారణం కావచ్చు. కానీ రిపేర్ చేసిన కొద్ది రోజులకే మళ్లీ అదే మెసేజ్ వస్తోందంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. డిస్కే పాడవుతోందన్న హెచ్చరిక అయ్యుండొచ్చు.

అసలు ఏం జరుగుతుంది?

డిస్క్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో రాసిపెట్టుకునే రికార్డే ఫైల్ సిస్టమ్. పొలానికి అడంగల్, పహాణీ ఎలాగో డిస్క్‌కు ఇది అలాగన్నమాట. విండోస్‌లో ఎక్కువగా వాడేది ఎన్‌టీఎఫ్‌ఎస్. చెక్‌డిస్క్ అనే టూల్ ప్రధానంగా ఈ రికార్డులోని తప్పుల్నే సరిచేస్తుంది. అయితే పొలాన్నే ఏరు కోసేస్తుంటే రికార్డు ఎన్నిసార్లు దిద్దితే ఏం లాభం? పదే పదే వచ్చే ఎర్రర్ల విషయంలో జరిగేది ఇదే.

ముందు బ్యాకప్.. తర్వాతే రిపేర్

చాలామంది ఎర్రర్ రాగానే రిపేర్ మొదలుపెడతారు. ఇక్కడే డేటా పోయే ప్రమాదం ఉంది. బ్యాడ్ సెక్టార్ల కోసం చేసే ఫుల్ స్కాన్ డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. గంటల కొద్దీ పడుతుంది. అసలే బలహీనంగా ఉన్న డిస్క్ ఆ ఒత్తిడికి పూర్తిగా చేతులెత్తేయొచ్చు. పైగా చెక్‌డిస్క్‌కు ముఖ్యం రికార్డు సరిగ్గా ఉండటమే, మీ ఫైల్ కాదు. ఏ ఫైల్‌వో తేలని ముక్కల్ని పేర్లు మార్చేసి "ఫౌండ్.000" అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. అందుకే ఫొటోలు, సర్టిఫికెట్లు, ఆఫీస్ ఫైళ్లను ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

కారణం ఇలా కనిపెట్టండి

డిస్క్ హెల్త్: క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ పరిస్థితిని గుడ్, కాషన్, బ్యాడ్ అని చూపిస్తుంది. హార్డ్ డిస్క్‌లో "రీఅలొకేటెడ్ సెక్టార్స్", "కరెంట్ పెండింగ్ సెక్టార్స్" అంకెలు రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిన టైమ్ వచ్చినట్టే.

ఈవెంట్ వ్యూయర్: స్టార్ట్ మెనూలో ఈ పేరు వెతికి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ ఓపెన్ చేయండి. "డిస్క్" పేరుతో ఈవెంట్ 7 కనిపిస్తే బ్యాడ్ బ్లాక్ ఉన్నట్టు. "ఎన్‌టీఎఫ్‌ఎస్" పేరుతో 55 కనిపిస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నట్టు. రెండూ కలిసి వస్తుంటే డిస్క్‌నే అనుమానించాలి.

కేబుల్: డిస్క్ బాగానే ఉన్నా సాటా కేబుల్ వదులైతే ఇవే ఎర్రర్లు వస్తాయి. "సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్" పెరుగుతుంటే డెస్క్‌టాప్‌లో ముందు కేబుల్ మార్చి చూడండి. తక్కువ ఖర్చుతో పోతుంది.

ర్యామ్: ర్యామ్‌లో లోపం ఉంటే డిస్క్‌కు తప్పుడు డేటానే వెళ్తుంది. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌తో టెస్ట్ చేయొచ్చు.

పెన్‌డ్రైవ్‌లు: వీటిలో ఎక్కువగా ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లా జర్నల్ ఉండదు. అంటే సగంలో ఆగిన పనిని గుర్తుపెట్టుకుని సరిచేసుకునే ఏర్పాటు లేదు. కాబట్టి "ఎజెక్ట్" చేశాకే తీయండి.

"గుడ్" అని చూపిస్తే సేఫేనా?

పూర్తిగా కాదు. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా హార్డ్ డిస్క్‌లను పరిశీలించారు. మొదటిసారి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్క్‌లు, అది లేని వాటితో పోలిస్తే 60 రోజుల్లోపు పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేల్చారు. మరోవైపు పాడైన డిస్క్‌లలో సగానికి పైగా, ముఖ్యమైన హెచ్చరిక అంకెల్లో ఏ ఒక్కటీ చూపించకుండానే పోయాయి. అంటే హెచ్చరిక వస్తే నమ్మాలి, రాకపోయినా బ్యాకప్ ఉండాలి.

రిపేర్ ఎలా?

బ్యాకప్ అయ్యాక దిస్ పీసీలో డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ ఆప్షన్లకు వెళ్లండి. ఎర్రర్లు ఉంటే విండోస్ సరిచేస్తుంది, అవసరమైతే రీస్టార్ట్ అడుగుతుంది. హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం వస్తుంటే మాత్రం ఏ స్కానూ చేయకండి. వెంటనే ఆఫ్ చేసి డేటా రికవరీ నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

కేబుల్, ర్యామ్ బాగానే ఉండి, రెండోసారి రిపేర్ చేశాక కూడా ఎర్రర్ తిరిగొస్తే ఇక ఆ డిస్క్‌పై ఆశ వదులుకోవడమే మంచిది. కొత్త డిస్క్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, పోయిన పెళ్లి ఫొటోలు మాత్రం తిరిగి రావు.